ఈల వేసి విన్నారు

చెల్లీ, నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

కూలిన ఇళ్లలోంచి మనుషుల్ని తీసే పని నేర్చుకోవడానికి నానా దేశాల వాళ్లు ఇక్కడికి వచ్చారు. ఆ శిక్షణంతా నడిపేది, భవనం కూలి మన అబ్బాయి పోయిన రోజు వాడి కోసం వెతికిన మేడమే. నన్ను శిథిలాల కింద చిక్కుకున్న మనిషిలా పడుకోమంది. "మూలగడం వచ్చా పెద్దమ్మా?" అంది. "మోకాళ్ల నొప్పులదాన్ని, అది నాకు నేర్పాలా తల్లీ?" అన్నాను.

ఈల వేయగానే మిషన్లన్నీ ఆపేసి, లోపలి చప్పుడు కోసం అందరూ చెవులు రిక్కించి వింటారు. అప్పుడు నేను రాయితో గొట్టం మీద కొట్టాలి. నిన్న ఈల పడింది. అంతమందిలో ఒక్కరూ దగ్గలేదు. నాకు చెయ్యి లేవలేదు. చోటు మార్చి మళ్లీ ఈల వేసి విన్నారు. నేను కొట్టకపోయినా వదిలిపెట్టలేదు, వెతికి బయటికి తీశారు.

"ఎందుకు కొట్టలేదు పెద్దమ్మా?" అంది మేడమ్ కంగారుగా.

"మా వాడి కోసం కూడా ఇలాగే విన్నారా?" అన్నాను.

"ఇలాగే విన్నాం. మీ అబ్బాయిని తీసేదాకా వింటూనే ఉన్నాం" అని నా చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్లకి రాత్రి నిద్రపట్టింది.

వంటింటి కుళాయి బాగుచేయించావా? మీ బావగారు బీపీ మాత్రలు వేసుకుంటున్నారా? వాణ్ణి సరిగ్గా వెతకలేదని ఇంకా తిట్టుకుంటూ అన్నం వదిలేస్తుంటే, ఆయన దగ్గర కూర్చుని ఈ ముక్క చదివి వినిపించు. మన వాడి కోసం అందరూ ఊపిరి బిగబట్టి విన్నారని చెప్పు.

పిల్లలకు నా దీవెనలు. ఇక్కడ ఈ పని నేర్చుకునే పిల్లలూ, వాళ్లని కన్న తల్లులూ చల్లగా ఉండాలి.

మీ అక్క