సత్తిరాజు గారి మీసం

మంగళవారం, రాత్రి.

ఓట్ల లెక్కింపు మధ్యాహ్నానికే తేలిపోయింది. సత్తిరాజు గారి పార్టీ ఓడింది. మొగల్తూరులో ఇంకా టపాసులు పేలుతూనే ఉన్నాయి. నాకు మాత్రం ఆయన మీసమే కళ్ళ ముందు ఆడుతోంది.

పోలింగుకు ముందు నా సెలూన్లో, అందరూ వింటుండగా, "మనవాడు ఓడితే ఈ మీసం ఉండదు" అనేశారు. గెలిచినవాళ్ళ కుర్రాళ్ళు అది మరిచిపోలేదు. సాయంత్రం ఒళ్ళంతా రంగులతో షాపుకొచ్చారు.

"ఏంటి బాబాయ్, కత్తి నూరావా? రేపు పొద్దున్నే సెంటర్లో కుర్చీ వేస్తున్నాం. వీడియో కూడా తీస్తాం."

"చూద్దాంలే" అన్నాను.

ఇంటికొస్తూ రాజుగారి దగ్గర ఆగాను. లైటు వేసుకోకుండా అరుగు మీద కూర్చున్నారు.

"ఇక్కడే తీసేస్తానండి, ఎవరూ చూడకుండా."

"మాటన్నాక మాటేరా. సెంటర్లోనే కానీ. మీసానిదేముంది, మళ్ళీ మొలుస్తుంది" అని నవ్వారు. తర్వాత మెల్లగా, "నీ చెయ్యి ఎలా ఉంది?" అని అడిగారు.

నా చెయ్యి వణుకుతోందని ఊళ్ళో ఆయనకొక్కరికే తెలుసు. పోయిన నెల నా కత్తికి ఆయన గడ్డం తెగితే, మామిడి కొమ్మ గీరుకుందని అందరికీ చెప్పారు. రేపు అన్ని ఫోన్ల ముందు తెగితే ఏ కొమ్మ మీద పెడతారు? నేను రానంటే ఆ కుర్రాళ్ళే కత్తి పడతారు.

కొత్త బ్లేడు సంచిలో పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను. ఇందాకటి నుంచి రాసిన అక్షరాలు చూసుకుంటే ఒక్కటీ తిన్నగా లేదు.