మంచి దిక్సూచికి మరమ్మతు

చిరంజీవి చెల్లాయికి,

మీ అన్నయ్య దీవించి రాస్తున్నాడు. ఇక్కడ ఇంట్లో అందరం బాగున్నాం, నా మనసు తప్ప. దానికి కారణం నువ్వే.

నిన్న సెలూన్‌లో నా వంతు కోసం కూర్చుంటే చేతికి వారపత్రిక తగిలింది. అందులో నీ సీరియల్ వస్తోందని తెలిసి నేను తెరవలేదు. దానంతట అదే ఆ పేజీ దగ్గర తెరుచుకుంది. మూడొందల ఏళ్ల కిందటి రేవు, ఓడలు, తుఫానులు అన్నీ బాగానే ఉన్నాయి. ఉద్యోగం నుంచి రిటైరైన మర్నాడే పెట్టె సర్దుకుని ఆ రేవుకి పోయావు, పడవలెక్కి తిరుగుతూ రాస్తున్నావు, కాబట్టి బాగుంటాయి. నా గొడవ ఆ కుర్ర నావికుడితో. శుభ్రంగా పనిచేసే దిక్సూచి అడుగున ఇనుప మేకు దూర్చి, ముల్లు పక్కకి లాగేలా చేసి, చెడిపోయిందని చెప్పి మరమ్మతు కొట్టుకి తెస్తాడా? ఎందుకు? కొట్లో కూర్చున్న యజమాని కూతుర్ని చూడ్డానికి. ఆ తండ్రి "చూసి పెడతాను, వారం తర్వాత రా" అంటాడు. వీడు వారం వారం అదే దిక్సూచి పట్టుకుని వస్తాడు.

తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాణ్ణి. తక్కెడ పళ్లెం కింద మైనం అంటించిన వ్యాపారికీ వీడికీ తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు. నా చేతికి చిక్కితే కేసు రాసేవాణ్ణి. నువ్వు వాణ్ణి హీరో చేశావు.

అసలు సంగతికి వస్తాను. చిన్నప్పుడు ఎదురింటి కుర్రాడు నీకు పువ్విస్తే తీసుకెళ్లి మేకకి పెట్టావు. ప్రేమ అంటే అంతవరకే తెలిసిన మనిషివి. అలాంటిదానివి, ఒక మగవాడు మాట పెగలక దిక్సూచి మూత తిప్పుతూ గుమ్మంలో నిలబడ్డం గురించి అంత నమ్మకంగా రాశావంటే అది ఊహ కాదు. ఎవడో ఉన్నాడు. నీకు గది అద్దెకిచ్చిన ఆ పడవ నడిపే సరంగు పేరెత్తకుండా నీ ఉత్తరం ఒక్కటీ ఉండదు. వాడేనా? ఈ వయసులో మన ఇంటి పరువు రేవులో కలుపుతావా?

ఆ ప్రేమ గొడవ తక్షణం ఆపు. ఓడల గురించి రాసుకో.

ఇట్లు,
నీ మేలు కోరే
అన్నయ్య

తా.క. మీ వదిన నీకు అల్లిక నమూనాల పార్సిల్ పంపుతోంది. పోస్టాఫీసు కాటా మీద నమ్మకం లేక ఇంట్లోనే తూచి తీసుకెళ్లాను. స్వెట్టరు నమూనాలకి అంత బరువేమిటో?


అన్నయ్యకి,

నమస్కారాలు. నేను దిట్టంగా ఉన్నాను. సముద్రం కూడా బాగుంది.

నీ ఉత్తరం పడవలో చదివాను. ఒక చేత్తో తాడు, ఒక చేత్తో నీ కోపం పట్టుకోవాల్సి వచ్చింది. తాడే బరువుగా ఉంది.

ఉద్యోగం చేసినన్నాళ్లూ కౌంటరు కిటికీలోంచి ఊళ్లోవాళ్లందరికీ టికెట్లు ఇచ్చాను. ఎవరెవరో ఎక్కడెక్కడికో పోయారు. నేను ఆ చెక్క కుర్చీలో అరిగిపోయాను. అప్పుడు నా పరువు గురించి ఎవరూ కంగారు పడలేదు. ఇప్పుడు నాకు నేను ఒక టికెట్ ఇచ్చుకునేసరికి నీకు పెద్దరికం గుర్తొచ్చింది.

ఆ నావికుడు నిజంగా ఉన్నాడా అని నిలదీశావు. ఉన్నాడు. ఎవరో చెప్పను. సరంగేనా అంటే అవుననీ అనను, కాదనీ అనను. మామూలుగా అడిగి ఉంటే ఎలా ఉండేదో గానీ, హుకుం జారీ చేశావు కాబట్టి పెదవి విప్పను. వచ్చే వారం ఆ కుర్రాడు మళ్లీ కొట్టుకి వస్తాడు. ఆ పై వారం కూడా వస్తాడు. నేను రానిస్తాను.

ఇట్లు,
మేకకి పువ్వు పెట్టిన
చెల్లాయి

తా.క. పార్సిల్ అందింది. చేతులు మరీ పొట్టిగా ఉన్నాయనీ, ఈసారి మొహమాటపడకుండా పొడుగ్గా అల్లమనీ వదినకి చెప్పు.


చెల్లాయికి,

ఆశీస్సులు, అవి నీకు అక్కర్లేకపోయినా.

'ఉన్నాడు' అని నువ్వే ఒప్పుకున్నావు. నాకు తల కొట్టేసినట్టయింది. ఈ వారం కూడా చదివాను, సాక్ష్యం కోసం. ఆ వెధవ వానలో తడుస్తూ కొట్టు చూరు కింద నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే "మేం ఓడవాళ్లం, వాన మాకు లెక్క కాదు" అన్నాడు. అని తుమ్మాడు. ఆ పిల్ల నవ్వాపుకోలేక లోపలికి పోయింది. దాన్ని చదివి సెలూన్‌లో ఇద్దరు పెద్దమనుషులు కళ్లు తుడుచుకున్నారు. సమాజం ఇలా పాడవుతోంది.

మా ఇల్లూ పాడవుతోంది. మీ వదిన వంటింట్లో పత్రిక దాచుకుని చదువుతోంది. నేను వెళ్తే డబ్బా వెనక్కి తోస్తుంది. నిన్న నా వంక అదోలా చూసి, "ఆ కుర్రాడు మంచివాడేనంటారా?" అని అడిగింది. మోసగాడన్నాను. అల్లిక పనుందని గదిలోకి పోయింది. ఎప్పుడు చూసినా అల్లికే. ఇంతవరకూ ఈ ఇంట్లో ఒక్క స్వెట్టరు నా కంటబడలేదు.

నిజాయితీ అంటే ఏమిటో నా చేతి వాచీని చూసి నేర్చుకోవాలి. పెళ్లికి ముందు కొన్నది. వాచీలు బాగుచేయడంలో మా మామగారిని మించినవాడు లేడు, ఆయనే దీన్ని మెచ్చుకున్నారు. పెళ్లయిన దగ్గర్నుంచి ఈ రోజు వరకూ ఒక్కసారి ఆగలేదు. మనిషన్నవాడు అలా ఉండాలి.

ఇక ఉపేక్షించను. పత్రిక సంపాదకుడికి రాస్తున్నాను. కుటుంబ పెద్దగా నాకు హక్కుంది.

ఇట్లు,
అన్నయ్య

తా.క. వాడు ఓడ బయల్దేరేలోపు ఆ పిల్లతో ఒక్క మాటైనా మాట్లాడతాడా? ఊరికే అడిగాను.


అన్నయ్యకి నమస్కరించి, నమస్కారం అయిపోగానే నడుం మీద చెయ్యి వేసుకుని రాస్తున్నాను.

రాసుకో. సంపాదకుడికి రాయి, మంత్రికి రాయి. నేనూ రాస్తూనే ఉంటాను, నా చేతిలోనూ కలం ఉంది.

నిన్న అల పడవలోకి వచ్చి నన్ను నిలువునా తడిపి పోయింది. గదికొచ్చి, పిండిన చీర ఆరేసి, మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని తుఫాను రాశాను. నా కింది అంతస్తులో తెరచాపలు కుట్టేవాళ్లు ఉన్నారు. వాళ్ల చేత ముడులన్నీ వేయించి చూసి ఒక పేజీ రాశాను. ఇవన్నీ నేను రాయగలను. కానీ ఆ కుర్రాడు లేకపోతే నా ఓడ రేవు దాటదు. ఎందుకంటే అతను గుమ్మంలో నిలబడ్డప్పుడే చదివేవాళ్లు ఊపిరి బిగబడుతున్నారు. నేను అలల గురించి రాసినప్పుడు పేజీ తిప్పేస్తున్నారు. ఆ సంగతి నాకు తెలుసు, ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. అతన్ని కథలోంచి తీసేస్తే ఎక్కువ నొచ్చుకునేది నేను కాదు. ఆ మాట కన్నా ఎక్కువ చెప్పనని ఒకరికి మాటిచ్చాను. వెనక్కి తీసుకోను.

ఇట్లు,
తడిసినా వణకని
చెల్లాయి

తా.క. సరంగుకి డెబ్బై దాటాయి. చెముడు. నీ అనుమానం ఆయన చెవిలో అరిచి చెప్పేసరికి వీధంతా వింది. ఆయన భార్య నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది, ఇప్పుడు నడుం పట్టుకుని పడుకుంది. నీకు ధన్యవాదాలు చెప్పమంది.


చెల్లాయికి,

విజయం నాదే కాబట్టి కోపం లేకుండా రాస్తున్నాను.

సంపాదకుడు బుద్ధిమంతుడు. నా ఉత్తరం చదివి, 'రచయిత్రి అన్నగారి అభ్యంతరం మేరకు దిక్సూచి యువకుణ్ణి త్వరలో సముద్రంలో ముంచుతున్నాము' అని జవాబిచ్చాడు. ఆ పిల్లకి ఒక భూస్వామిని చూసి పెళ్లి చేస్తారట. నువ్వు అలా రాసి పంపకపోతే వాళ్లే రాసుకుంటారట. మర్యాద తెలిసిన సంస్థ.

సరంగు కాకపోతే ఇంకెవడు? తెరచాపలు కుట్టేవాడా? పోనీలే, ఎవడైతేనేం, వాడు మునుగుతున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ ఉత్తరాన్ని మీ వదినకి గొంతెత్తి చదివి వినిపించాను. సంతోషిస్తుందనుకున్నాను. కంచం తీసేసి గదిలోకి పోయి తలుపేసుకుంది. ఈ వారం పార్సిల్ లేదంది. ఊలు అయిపోయిందేమో.

ఇట్లు,
అన్నయ్య

తా.క. ముంచడమంటే పూర్తిగా ముంచడమేనా? ఏ చెక్కో పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చే వీలు ఓడ ప్రమాదాల్లో ఉంటుందా? నీకు తెలిసి ఉంటుందని అడుగుతున్నాను.


అన్నయ్యకి,

ఆ ఉత్తరం వదినకి చదివి వినిపించావా?

నా మీద ఎన్ని కేసులు రాసినా నీకేమీ అయ్యేది కాదు. ఇప్పుడు నేనేమీ చేయలేను. తుఫాను ఎలా ఉంటుందో నువ్వెప్పుడూ చూడలేదు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. దేన్నైనా గట్టిగా పట్టుకుని కూర్చో. ఎదురు మాట్లాడకు.

సంపాదకుడికి నేనూ రాశాను. కుర్రాణ్ణి ముంచితే ఓడ మొత్తం ముంచేసి సీరియల్ ఆపేస్తానన్నాను. ఆపేస్తాను కూడా.

ఇట్లు,
నీ చెల్లాయి

తా.క. తలుపు వదిన తెరిచేదాకా తట్టకు.


చెల్లాయికి,

మీ అన్నయ్య రాస్తున్నాడు. దీవించే స్థితిలో లేడు.

నీ ఉత్తరం రాకముందే తుఫాను వచ్చింది. మీ వదిన తలుపు తీసుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఆ కుర్రాణ్ణి ముంచమన్నది మీరేనా?" అని అడిగింది. నేనేనన్నాను. "అయితే ఆ వాచీ ఇటివ్వండి" అంది. విప్పి ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"పెళ్లయిన దగ్గర్నుంచి ఒక్కసారి ఆగలేదు. పెళ్లికి ముందు మా నాన్న కొట్టుకి మాత్రం వారం వారం ఆగిపోయి వచ్చేది."

దుమ్ము దూరేదని చెప్పబోయాను. కీ ఇవ్వడం మానేసి ఆపేవాణ్ణని మా మామగారికి మొదటి రోజే తెలుసట. ఆయన లోపలికెళ్లి కీ ఇచ్చి, పక్కన పడేసి, "చూసి పెడతాను, వారం తర్వాత రండి" అనేవారట. చీటీ రాసిచ్చేది ఈవిడే. ఈవిడకీ తెలుసట. వానలో చూరు కింద నిలబడి తుమ్మింది నేనేనట. నిజమే. జలుబు చాలా రోజులు తగ్గలేదు.

నేనెందుకు గుర్తుపట్టలేదని నువ్వు నవ్వుతావు. చుట్టూ సముద్రం, తెరచాపలు పెట్టేశారు మీరిద్దరూ. నావికుడు పొడుగ్గా ఉన్నాడు. ఏ తూనికల ఇన్‌స్పెక్టరైనా అది తానని ఎలా అనుకుంటాడు?

పోస్టాఫీసుకి నా చేతుల మీదుగా, నేనే తూచి పంపిన పార్సిళ్లలో ఉన్నవి అల్లిక నమూనాలు కావనీ, తాను రాసిన కాగితాలనీ అప్పుడు చెప్పింది. ఓడలు నీవట, కుర్రాడు తనవాడట. నీకు ప్రేమ రాయడం రాదనీ, ఇద్దర్నీ ఒకచోట పెడితే వాతావరణం గురించి మాట్లాడిస్తావనీ చెప్పింది. అది నేను ముందే అన్నాను, గమనించు.

నాకిదంతా ముందే చెప్పొచ్చుగా అన్నాను. ఆవిడ చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"పెళ్లి మీతో అయింది. వాచీ తెచ్చే ఆ కుర్రాడు మాత్రం మళ్లీ రాలేదు. ఇన్నేళ్లు చూశాను. రాడని తెలిసి రాసుకున్నాను. వాణ్ణి ముంచుతానంటే మీరైనా సరే, ఊరుకోను."

అంత గట్టిగా మీ వదిన మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. రాయడానికి సిగ్గేస్తోంది గానీ వచ్చింది. ఎదురుగా మనిషిని పెట్టుకుని ఇన్నాళ్లూ ఏం తూచానో నాకే తెలియదు.

సంపాదకుడికి ఇవాళే రాశాను. కుటుంబ పెద్దగా నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నాననీ, ఆ కుర్రాడి తల మీద ఒక్క నీటి చుక్క పడినా వాళ్ల ఆఫీసు గుమ్మంలో బైఠాయిస్తాననీ, ఎవరు చెప్పినా లేవననీ రాశాను. భూస్వామిని ముంచుకోమన్నాను. మన బాబాయి ఒకాయన 'పెద్దావిడ ప్రేమకథలు రాయడమేమిటి' అన్నాడట. ఆయన ఇంటికెళ్లి గుమ్మంలోనే జవాబు చెప్పి వచ్చాను. ఇక మీదట సీరియల్ కింద రెండు పేర్లు పడాలి. మీ వదిన వద్దంది. నేను పడాలన్నాను. ఈ ఒక్క విషయంలో ఆవిడ మాట కూడా వినను.

ఒక సవరణ ఉంది. కథలో వాడు ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడినట్టు రాశారు. నేను రెండుసార్లు లోపలికి వచ్చాను. ఒకసారి స్టూలు మీద కూర్చున్నాను కూడా. సాక్షి ఈవిడే. దిద్దించు.

తర్వాతి నవల ఎడారి మీదనీ, ఈసారి తానూ వస్తాననీ మీ వదిన పెట్టె దింపింది. నేను ఒంటె ఎక్కనని ఖచ్చితంగా చెప్పాను. ఏ ఒంటె నెమ్మదస్తురాలో కనుక్కుని రాయి.

ఇట్లు,
దిక్సూచి యువకుడు

తా.క. ఇవాళ పొద్దున వాచీ ఆగిపోయింది. మీ వదిన చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, వారం తర్వాత రమ్మంది.