ఢిల్లీ వాళ్లకు పెట్టిన టీ

విశాఖపట్నం.

చిరంజీవి సింహాద్రికి మీ అమ్మ దీవెనలు. ఇంట్లో అందరం బాగున్నాం. మీ నానమ్మకు కూడా, డయాలసిస్ చేయించుకుని వచ్చిన రోజు తప్ప మిగతా రోజులన్నీ మమ్మల్ని తిట్టే ఓపిక ఉంది. నీ ఉత్తరం అందింది. చేపల బోటు మీద నీకు ఫోను అందదు కదా, మన వీధి సన్నీ కూడా వేరావల్‌లో బోటెక్కడానికి గుజరాత్ వస్తున్నాడంటే, వాడి చేతికి ఇది, కాసిని ఎండు నెత్తళ్లు ఇచ్చి పంపుతున్నాను. అందరూ పంచుకుని తినండి.

ముందు మంచి మాట చెబుతాను. వెళ్లేముందు నువ్వు సీతమ్మధార ఆసుపత్రిలో పరీక్షకిచ్చిన రక్తం రిపోర్టు వచ్చింది. చిక్కదనం తగ్గింది, ఇక భయం లేదు అన్నారు డాక్టరుగారు. ఆటోలో వస్తూ ఏడ్చాను. ఆటో అబ్బాయి "ఎవలైనా పోనారేటమ్మా?" అని అడిగాడు. "నేదు బాబూ, ఉన్నాడు" అన్నాను.

నీ బూట్లు అటకెక్కించలేదు, అప్పుడప్పుడూ ఎండలో పెడుతున్నాను. నాలుగేళ్లు పోటీల్లో పరిగెత్తకూడదంటే నీకు యుగంలా ఉంటుంది. మా పెళ్లయ్యాక నీకోసం అంతకంటే ఎక్కువే ఆగాం.

ఇక నీ చివరి ప్రశ్న. డోపింగు పరీక్షల వాళ్లకు నీ సంగతి ఎవరు చెప్పారని. తిరుమలరావేనని నీ అనుమానం. నీతోపాటు బీచి రోడ్డులో పరిగెత్తి పెరిగినవాడు. మొన్న వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఆడు నాతో మాటాడ్డం మానేసాడు పిన్నీ. నానేటి సేసాను?" అన్నాడు. ఆ మొహం చూశాక ఇక దాచలేను.

అప్పట్లో ఒకరోజు ఫ్రిజ్‌లో నానమ్మ సూదిమందు పెట్టె వెనక అలాంటిదే ఇంకోటి కనబడింది. అడిగితే విటమిన్లన్నావు. నానమ్మకు సూది వేసే నర్సు రాణికి చూపించాను. "కిడ్నీ పోయినోళ్లకి రక్తం పట్టడానికమ్మా ఇది. బాగున్నోడు ఏసుకుంటే రక్తం సిక్కబడిపోతాది. పరిగెత్తి సెమటోడిస్తే ఇంకాను. నిద్దట్లోనే గుండాగిపోతాది" అంది. అదే నీతో అంటే, కోచ్ ఇచ్చాడన్నావు, అందరూ వేసుకుంటారన్నావు, పతకం వచ్చాక మానేస్తానన్నావు. నువ్వు తలనొప్పితో పడుకుంటే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని, పసిగుడ్డుగా ఉన్నప్పుడు చూసినట్టే. ఎన్నాళ్లని చూడను?

ఢిల్లీకి ఫోను చేసింది నేనే. తెల్లారకముందే ఆ పరీక్షల వాళ్లు వస్తే తలుపు తీసిందీ నేనే, టీ పెట్టిందీ నేనే. వాళ్లు వెళ్లాక నువ్వు నా కాళ్లు పట్టుకుని "పరువు తీసేసానమ్మా" అని ఏడుస్తుంటే నీ తల నిమురుతూ కూర్చున్నాను.

బోటు ఒడ్డుకు రాగానే ముందు తిరుమలరావుకు ఫోను చెయ్యి. నామీద కోపం ఎన్నేళ్లుంటే అన్నేళ్లు ఉండనీ. ఇంటికొచ్చి తిట్టు. తిట్టడానికి నువ్వున్నావు, నాకదే చాలు. ఈమధ్య నాకు బాగా నిద్ర పడుతోంది.

ఇట్లు,
నీ కోపం కోసం ఎదురుచూసే
మీ అమ్మ