పచ్చబూజు పట్టిన పురుగులు

ఏమండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. పొద్దున్నే మీ తమ్ముడు శ్రీను పురుగుమందు డబ్బాతో తోటకొచ్చాడు. కొబ్బరి మొవ్వుల్ని కొమ్ముపురుగు తొలిచేస్తోంది. దాని పిల్లపురుగులు పెరిగే ఎరువుకుప్పలో ఆ మందు పోస్తానన్నాడు.

"ఆ కుప్పలో ఇదివరకే బూజుమందు కలిపాను. మట్టిలో పుట్టే బూజే, పురుగుల్ని చంపుతుంది. ఆగు" అన్నాను.

"ఇంకెన్నాళ్లు వదినా? చెట్లు పోతున్నాయి!"

డబ్బా లాక్కున్నాను. ఆ పురుగుమందు కొడుతూనే కదా మీరు ఈ గట్టు మీద కుప్పకూలారు.

శ్రీను కోపంగా కుప్ప తవ్వాడు. పురుగులన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి, ఒళ్లంతా పచ్చటి బూజు. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అన్నయ్యకి ఇది తెలిసుంటే..." అంటూ దాన్ని తిరిగి కుప్పలో పెట్టాడు.

నేను పార అందుకున్నాను.

"కప్పేద్దాం పద. ఎండ తగిలితే బూజు చచ్చిపోతుంది."