ఎవరి బిడ్డో అన్నాడు

పెద్ద నర్సమ్మగారికి వెయ్యి దండాలు.

నర్సు మీద నేను నిన్న ఇచ్చిన ఫిర్యాదు చింపేయండి తల్లీ. ఆ నర్సు నా కూతురే! తెగిన వేలితో నేను వార్డు దద్దరిల్లేలా అరుస్తుంటే, మూలమంచం పెద్దాయన దగ్గరికి పరుగెత్తింది.

"కన్నతండ్రిని కనబడట్లేదుటే?" అన్నాను.

"అరుస్తున్నావంటే ఊపిరాడుతున్నట్టే నాన్నా. ఆయన చప్పుడు చెయ్యట్లేదు, అదీ నా భయం" అంది.

నాకు ఒళ్ళు మండి ఫిర్యాదు రాసిచ్చాను.

ఇవాళ కట్టు మార్పించుకోవడానికి వస్తే, పెద్దాయన దిండుకానుకుని కూర్చున్నాడు. "ఊపిరందక నోట మాట రాలేదండీ. ఆ అమ్మాయి చూడబట్టి బతికాను. ఎవరి బిడ్డో!" అన్నాడు.

"నా బిడ్డేనయ్యా!" అన్న కేక మీ గదిదాకా వినబడే ఉంటుంది. దానికి మాత్రం క్షమాపణ చెప్పనమ్మా.

ఇట్లు,
ఆ నర్సు తండ్రి