బదనిక కింద పట్టిన చీర

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేయించిన మన ఊళ్ళో మామిడిచెట్లు కొట్టేస్తున్నారని తెలిసి, అమ్మ పాత చీర సంచిలో పెట్టుకుని దువ్వాడ నుంచి నడిచి వెళ్ళాను.

మొన్న స్కూలు లైబ్రరీలో చదివాను. వెనకటికి ఐరోపాలో డ్రూయిడ్లనే పూజారులు తెల్లబట్టలు కట్టుకుని, ఓక్ చెట్టెక్కి, దాని కొమ్మల మీదే పెరిగే బదనికను బంగారు కొడవలితో కోసేవారట. అది నేల తాకకుండా కింద గుడ్డ పట్టేవారట. ఇప్పటికీ అక్కడ క్రిస్మస్‌కి గుమ్మాలకు బదనిక కడతారట! నవ్వొచ్చింది. చెబుదామంటే నువ్వు లేవు.

మన అయ్యది ఇనప కొడవలే. మందుకని బదనిక కోస్తూ కొమ్మ మీంచి అరిచేవాడు, “నేలకి తగిల్తే మందు సచ్చిపోద్దే! గట్టిగా పట్టండి!” అని. ఈ చీరకే రెండు కొసలు నువ్వు, రెండు నేను.

ఆఖరి చెట్టు మీద బదనిక పూసి ఉంది. కూలీ ఆ కొమ్మ నరుకుతుంటే కింద చీర పట్టాను.

“ఏటమ్మా సేత్తన్నావ్? మీద పడిపోద్ది, తప్పుకో!”

నా రెండు కొసలూ గట్టిగానే పట్టుకున్నాను అక్కా. బదనిక నీ వైపు నుంచి జారి నేల మీద పడింది.