పెదబాబును అడిగాకే నావ కదలాలి

ఒరే బుల్లోడా,

పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున. యానాం గోదారొడ్డున కాపురముంటున్న, కీర్తిశేషులు మరియదాసు గారి భార్య ఫిలోమినా అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, తెలివి సరిగా ఉండగా నా చేత్తో రాసిన వీలునామా ఇది. సిస్టరమ్మల దగ్గర మూడో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే దిద్దుకో. ఈస్టరుకి కాకినాడ నుంచి వచ్చి అన్న నావ తీస్తానని నువ్వు రాసిన దగ్గర్నుంచి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి నావ కట్టు చూసి వస్తున్నాను.

1. నావ, తెడ్లు, రెండు వలలు నా చిన్న కొడుకు జ్ఞానప్రకాశానికి, అంటే నీకు చెందుతాయి. షరతు ఒకటే. పక్కింటి పెదబాబును అడగకుండా కట్టు విప్పకూడదు. ఆయన వద్దంటే ఆ పూట వల బాగుచేసుకుంటూ కూర్చో. షరతు తప్పితే నావను ఉపదేశి లూయిస్ గారు గుడికి అప్పగించాలి. ఈ కాగితం అమలు చూసేది ఆయనే.

2. షరతు ఎందుకో నీకెవరూ చెప్పలేదు. నేను చెప్పనివ్వలేదు. ఫ్రెంచివాళ్ళ జెండా దిగిన మరుసటి ఏడు, ఆ ఉదయం మీ అన్న ఆంథోనీ నావ విప్పుతుంటే పెదబాబు వచ్చి, గాలి ఈశాన్యానికి తిరిగింది, ఈ పూట వద్దక్కా అన్నాడు. అన్న ఆగి నాకేసి చూశాడు. కొవ్వొత్తుల పండక్కి ఫాదరు గారు మంత్రించిన కొవ్వొత్తి అప్పుడే వెలిగించి వచ్చాను. మా దేవుడు చూసుకుంటాడు, నీ గాలి కబుర్లు మాకెందుకు అన్నాను. వెళ్ళరా అన్నాను. నావ ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది, వాడు మూడోనాడు దొరికాడు.

మీ నాన్న రోజూ బుద్ధినిమ్మని జపం చేసి, లేచి వెళ్ళి నీళ్ళలో చెయ్యి పెట్టి చూసేవారు. తరవాత పెదబాబునీ అడిగేవారు. నేనూ బుద్ధినిమ్మనే అడిగాను. అది ఒడ్డుకు నడిచొస్తే కసిరి పంపేశాను.

3. ఆ కొవ్వొత్తి సగం మిగిలింది. పెట్టెలో అన్న చొక్కా కింద ఉంది. అది నీకే. గాలివాన నాడు వెలిగించి, ఇంట్లో కూర్చో.

4. ఆడపడుచు ఆరోగ్యమ్మకు నా ఇత్తడి కాగు. మూడేళ్ళుగా ఆవిడ దగ్గరే ఉంది, ఇక తిరిగివ్వనక్కర్లేదు. శవం దగ్గర దేవుడి చిత్తం అన్నది ఆవిడే. ఆ పూట జరిగింది నా చిత్తం. ఆవిడకు ఇది చదివి వినిపించు.

5. జపమాల నీకు రాబోయే భార్యకు. ఆ పిల్ల వద్దన్నప్పుడు కూడా ఆగు.

6. పెదబాబుకు ఏమీ రాయట్లేదు. సాక్షికి ఆస్తి రాయకూడదని లూయిస్ గారు చెప్పారు. ఏడాదిన్నరగా ఆయన ఎదురైతే మొహం తిప్పుకున్నాను, ఆయన మాట నిజమైందని. నిన్న వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. సాక్షి కావాలని మాత్రం అన్నాను. పీట వేసి, కూర్చో అక్కా, బుల్లోడికి గాలీ నీళ్ళూ నేను చూపిస్తాలే అన్నాడు. మీ నాన్న గొడుగు చేతికిచ్చి వచ్చాను. నువ్వు అడుగుతావో లేదో అన్నదే నా భయం.

యానాం, 1957 మార్చి 19, జోజప్ప గారి పండుగ.

(సంతకం) ఫిలోమినా

సాక్షులు: పెదబాబు, వేలిముద్ర
వెంకటరాజు, సంతకం

ఒకటి మరిచాను బుల్లోడా. ఈస్టరు ముందు తపస్సు కాలమని పస్తులుండకు, ఫాదరు గారికి నేను చెప్పుకుంటాను. రెండు పూటలా కడుపునిండా అన్నం తిను.